ఏడు గొర్రెల కోసం ఆగిన సైకిల్ దారి

మదనపల్లెలో నేను డ్రాయింగ్ టీచరుగా పనిచేసిన ఇరవై ఏళ్లలో నా పీరియడ్ నాకు పూర్తిగా దక్కిన వారాలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పరీక్షలు దగ్గరపడితే లెక్కల మాస్టారు తీసుకునేవాడు, దగ్గరపడకపోతే సైన్సు మాస్టారు తీసుకునేవాడు. బొమ్మలు వేసి ఎవరు బాగుపడ్డారమ్మా అని హెడ్మాస్టరే అడిగేవాడు. నాకు కోపం తొందరగా వస్తుంది. ఒకరోజు ఒక పత్రికలో అచ్చయిన రంగుల బొమ్మ తీసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టాను. ఇది వేసినాయన మన పుంగనూరు పక్క పల్లెలో గొర్రెలు కాసిన మనిషి అన్నాను. ఆయన కళ్లజోడు సర్దుకుని బొమ్మను చాలాసేపు తలకిందులుగా చూశాడు.

ఆ చిత్రకారుడి పేరు ఇక్కడ రాయను. రాస్తే జనం బొమ్మల సంగతి వదిలేసి పేరు గురించి మాట్లాడతారు. పెద్ద నగరాల్లో ఆయన బొమ్మలు గోడలకెక్కాయి, విదేశాల వాళ్లు కొనుక్కుపోయారు. నేను మాత్రం వాటిని పత్రికల్లో చూసి మురిసిపోయినదాన్నే. తొంభైల మొదట్లో ఒకే ఒక్కసారి బెంగళూరు వెళ్లి అసలు బొమ్మ ఎదుట నిలబడ్డాను. వంకర గీతలు, చుక్కలు, వాటి వెనక ఎరుపు. ఆ ఎరుపు నాకు తెలుసు. మా వైపు గుమ్మాలకూ అరుగులకూ పూసే జాజు అది, నానబెట్టిన ఎర్రమన్ను. అంత దూరం పోయి, అంత ఖరీదైన గోడ మీద మా ఇంటి అరుగు కనబడితే ఏం చేస్తాను, ఏడ్చాను. కాపలా అతను వచ్చి తాకొద్దమ్మా అన్నాడు. నా చెయ్యి ఎప్పుడు లేచిందో నాకే తెలియదు.

నాకు బొమ్మల తర్వాత ప్రాణం సైకిలు. ఆ రోజుల్లో పెళ్లయిన ఆడది చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని సైకిలు తొక్కితే ఊరంతా తల తిప్పి చూసేది. చూడనీ అనుకున్నాను. రెండువేల సంవత్సరం దాటాక, ఇక నా పీరియడ్ కోసం పోట్లాడి లాభం లేదని తేలిపోయాక, ఈ రెండు ప్రాణాలనూ కలిపి ఒక ఆలోచన చేశాను. ఆయన చిన్నతనం గడిచిన చోట్లన్నీ కలుపుతూ పిల్లల్ని సైకిళ్ల మీద తిప్పాలి. బళ్లో చెప్పనివ్వని పాఠం రోడ్డు మీద చెప్పాలి. సెలవు రోజు మీద ఏ మాస్టారికీ హక్కు లేదు కదా.

అనుకోవడమే తరువాయి, ఆయనకు ఉత్తరం రాశాను. జవాబు వస్తుందని ఆశ లేదు. పదిహేను రోజులకు నాలుగు పేజీలు వచ్చాయి. మద్రాసులో ఉంటున్నా అక్షరాలు మాత్రం మా వైపు బోర్డుల మీద రాసే గుండ్రటి అక్షరాలే. చిన్నప్పుడు వాళ్ల నాయనతో పొట్టేళ్లు అమ్మడానికి మదనపల్లె సంతకు వచ్చినప్పుడు, ఒక మనిషి నిచ్చెన ఎక్కి గోడ మీద సబ్బు ప్రకటన రాయడం చూసి అక్కడే నిలబడిపోయాడట. వాళ్ల నాయన పూటంతా వెతికాడట. తర్వాత కుప్పంలో బోర్డులు రాసే కొట్లో చేరి, కొట్టు యజమాని సైకిలు మీద రంగు డబ్బాలు కట్టుకుని పల్లె పల్లెకూ పోయి గోడలు రాశాడట. అయిదేళ్ల తర్వాత కుప్పం స్టేషన్లోనే మద్రాసు రైలెక్కాడట. అన్నీ దూరాలతో సహా రాశాడు. పుట్టిన పల్లె గురించి మాత్రం రెండే వాక్యాలు. "అక్కడ నేనొక తప్పు చేశాను. మా అక్క ఒప్పుకుంటేనే ఊళ్లోకి వెళ్లండి, ఒప్పుకోకపోతే రోడ్డు మీద నుంచే సాగిపోండి."

ఇదేమి న్యాయం అని చిరాకు పడ్డాను. పుట్టిన ఊరు లేకుండా చిన్నతనం ఎక్కడ మొదలుపెట్టను? మరుసటి ఆదివారమే బయల్దేరాను. మదనపల్లె నుంచి పుంగనూరు దాకా రోడ్డు ఎక్కుతూ దిగుతూ పోతుంది. చింతచెట్ల నీడ ఉన్నంతసేపూ హాయి, ఆపైన రాతి గుండ్లూ ఎండా. పుంగనూరులో గాలి కొట్టించుకుని, మట్టి దారిలో ఇంకో గంట తొక్కితే ఆ పల్లె వచ్చింది. ముప్పై ఇళ్లు, ఊరి ముందర వెడల్పాటి బండ, బండకు అవతల గొర్రెల దొడ్లు.

ఆ అక్క దొడ్లోనే ఉంది. అరవై అయిదేళ్లు పైబడిన మనిషి, సన్నగా, నిటారుగా, నడుముకు చీర కొంగు బిగించి. అదే ఊళ్లో మేనమామ కొడుకుని చేసుకుని, భర్త పోయాక కూడా మందను తనే చూసుకుంటోంది. ఆ పూట గొర్రెలకు గుర్తులు పెడుతోంది. ఆముదం కలిపిన జాజులో బొటనవేలు ముంచి, ప్రతి గొర్రెకూ కుడి తుంటి మీద ఒక్క చుక్క. ప్రతి ఇంటికీ ఒక గుర్తు ఉంటుందని, మందలు కలిసినప్పుడు ఎవరివి ఎవరివో ఆ గుర్తు చూసే విడదీస్తారని ఆమె చెప్పింది. నేనెవరో, ఎందుకొచ్చానో చెప్పి ఆమె తమ్ముడి పేరెత్తాను. చుక్కలు పెడుతూనే ఉంది, నా వైపు చూడలేదు. అర్ధగంట తర్వాత, పని అయ్యాక, నాకు మజ్జిగ ఇచ్చి తనే మొదలుపెట్టింది.

ఆమెకు పదిహేడు, తమ్ముడికి పదమూడు ఉన్నప్పటి మాట. వాళ్ల నాయన మందలో పద్నాలుగు గొర్రెలు ఆమె సొంతం. తల్లి చచ్చిన ఒక గొర్రెపిల్లను పాలు పట్టి బతికించి, దాని సంతతిని పెంచి, పద్నాలుగు చేసుకుంది. ఆ ఏడాది వానలు లేక మూడిళ్ల గొర్రెల్ని కలిపి, కూలికి ఇద్దరు కాపర్లను పెట్టి, మేత ఉన్న కొండల వైపు తోలాలనుకున్నారు. గుర్తులు పెట్టమని తమ్ముడికి చెప్పారు. నాయన గొర్రెలన్నిటికీ చుక్క బుద్ధిగానే పెట్టాడు. అక్కవి పద్నాలుగూ వచ్చేసరికి బుద్ధి పోయింది. ఒక్కోదానికి ఒక్కో బొమ్మ వేశాడు, వీపు మీద, పక్కల మీద, పట్టినంత మేరా. ఇంటి గుర్తు అసలు పెట్టనే లేదు.

కాపర్లు వచ్చేదాకా ఇరవై రోజులు ఆ పద్నాలుగింటినీ ఆమే మేపింది. బొమ్మలు బాగున్నాయని చెరపలేదట. చూసి నవ్వుకునేదట. అదే నా తప్పు అంది.

నాలుగు నెలల తర్వాత మంద తిరిగొచ్చింది. ఎండకీ ముళ్లకీ రంగు మాసి, చుక్క ఉన్నవి చుక్కతో తేలాయి గానీ ఆ పద్నాలుగూ వట్టి ఎర్ర మరకలతో వచ్చాయి. పక్కింటివాళ్లవీ కొన్ని మాసిపోయాయి. వీటిలో సగం మావే అన్నారు వాళ్లు. బండ మీద పెద్దమనుషులు కూర్చున్నారు. మొహాలు చూసి చెప్తాను, నా గొర్రెలు నాకు తెలుసు అందట ఈమె. ఆడపిల్ల మాట మీద పంచాయితీ తేల్చేదెట్లా అన్నారు. రంగు వేసినవాణ్ణి పిలిచి, నువ్వు బొమ్మలేసినవి ఏవో చూపించు అన్నారు. తమ్ముడు తలవంచుకుని గుర్తులేదన్నాడు. ఏడు ఇటు, ఏడు అటు పంచేశారు. మరునాడు పొద్దున్నే వాడు పుంగనూరు దాకా నడిచిపోయి కుప్పం బస్సెక్కాడు.

అప్పటి నుంచి ఆమెకు తమ్ముడితో మాటల్లేవు. నాయన పోయినప్పుడు వచ్చాడు. ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడకుండా, ఒళ్లో ఉన్న గొర్రెపిల్లతో, కాళ్లు కడుక్కోమని చెప్పవే ఆయప్పకు అందట, ఎవరో పరాయి మనిషిని అన్నట్టు. ఆ పిల్ల చెప్పలేదు గానీ ఆయన కడుక్కున్నాడట. నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

"గొర్రెలు పోయినందుకు కాదు టీచరమ్మా," అంది. "మళ్లా పెంచుకుంటి. నా మాట వట్టి మాటయిపాయ ఆ పొద్దు. ఆ బండ కాడ నిలబడుకోని, ఆ ఏడూ మా అక్కవే అని ఆయప్ప ఇప్పుడన్నా సెప్పల్ల. సెప్తే నీ సైకిళ్లు నా వాకిట్లోకి రానీ. నేనే మజ్జిగ పోస్తా."

ఆ సంగతి ఆయనకు రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆ బొమ్మ ఎదుట ఏడ్చినదాన్ని, ఇప్పుడు నువ్వొచ్చి తప్పొప్పుకో అని రాయడమా? మూడుసార్లు రాసి చించాను. నాలుగోసారి ఆమె అన్న మాటల్ని ఆమె అన్నట్టే రాసి, కింద నా సంతకం పెట్టి పోస్టు డబ్బాలో పడేశాను. పడేశాక డబ్బాలో చెయ్యి పెట్టి తీయొచ్చునేమోనని కూడా చూశాను. కార్డు మీద జవాబొచ్చింది. "వస్తాను. పిల్లలతో పాటే వస్తాను. సైకిలు మీదే వస్తాను."

ఆయన వచ్చిన రోజు ఎలా మర్చిపోతాను. జనవరి పోయి చలి తగ్గుతున్న రోజులు. అరవై దాటిన మనిషి, తెల్ల గడ్డం, భుజానికి గుడ్డ సంచి. పట్నం మిత్రులు గేర్ల సైకిలు ఇస్తామన్నారట, వద్దని మా వీధి చివర కొట్లో అద్దె సైకిలు తీసుకున్నాడు. మొదటి ఎత్తులోనే పడ్డాడు. వెనకే సైకిళ్ల మీద వస్తున్న మా బడి పిల్లలు హడలిపోయారు. ఆయన మోకాలు దులుపుకుని, కుప్పంలో ఉన్నప్పుడు వెనక నాలుగు రంగు డబ్బాలుండేవి, ఆ బరువు లేక తూలుతున్నానని చెప్పాడు. రెండు నీళ్ల క్యాన్లు కట్టించుకున్నాడు. ఆపైన నిజంగానే పడలేదు.

దారిలో ఆయన పిల్లలకు చెప్పింది తక్కువ, చూపించింది ఎక్కువ. టమాటా తోట పక్కన ఆపి, పండిన కాయ ఎరుపూ చేతికంటిన ఆకు పసరూ పక్కపక్కన పెట్టి చూడమన్నాడు. ఎండలో గుండు నీడ నల్లగా లేదని, నీలంగా ఉందని ఒక పిల్ల కనిపెడితే ఆ పిల్లకు దండం పెట్టాడు. నలభై మంది పిల్లల్లో ఏ ఒక్కరూ బొమ్మలేసి ఏం బాగుపడతాం అని అడగలేదు. ఆ పూట మా హెడ్మాస్టరు అక్కడ ఉంటే బాగుండునని మనసారా అనుకున్నాను. కానీ పుంగనూరు దాటాక ఆయన మాట్లాడటం మానేశాడు. మట్టి దారిలోకి తిరిగినప్పుడు సైకిలు దిగి నడిపించాడు. నేనూ దిగాను. భయంగా ఉందా సార్ అని అడగబోయి ఊరుకున్నాను. నాకే భయంగా ఉంది.

ఊరు ఊరంతా బండ దగ్గర చేరి ఉంది. ఆమె బండ అంచున కూర్చుని ఉంది, ఉతికిన చీర కట్టుకుని. సైకిళ్లన్నీ ఆగాయి. ఆయన క్యాన్లున్న సైకిలుకు స్టాండు వేసి, వెళ్లి ఆమెకు నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. ఆమె మొహం నా వైపు తిప్పుకుంది.

"అక్కా," అన్నాడు ఆయన. "నాకు తెలిసీ బయపడి సెప్పలేదని నువ్వు అనుకుంటాండావు. నిజంగానే తెలీదక్కా. నేను గొర్రెల మొగాలు సూడల్యా, రంగునే సూస్తిని. ఏడూ నీవని సెప్పమంటే సెప్తా. తెలీకుండా సెప్తే ఇప్పుడు కూడా అది వట్టి సాక్ష్యమే అవుతాది."

నా ఒళ్లు మండిపోయింది. ఇంత దూరం సైకిలు తొక్కుకొచ్చింది ఇది చెప్పడానికా? ఒక్క మాట, ఆమె మనసు కోసం, అంటే ఏం పోయేది? నలభై మంది పిల్లల ముందు ఆయన్ని నిలదీసేదాన్నే. కానీ ఆమె మొహం చూసి ఆగాను. ఆమెకు కోపం రాలేదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు పిల్లలకేసి చూస్తూ మొదలుపెట్టింది.

బొల్లిది అని ఒకటుండేదంట. దాని ఎడమ పక్కన తేలు, కొండి పైకెత్తి. మొండిచెవిదాని వీపు మీద వాళ్ల నాయన మీసాలు, ఈ చివర నుంచి ఆ చివర దాకా. అది నడుస్తుంటే మీసాలు ఊగేవంట. పిల్లలు నవ్వారు. పొడుగు కాళ్లదాని మీద పుంగనూరు బస్సు, లోపల ఆరు తలకాయలు. ఆమె ఒక్కొక్కదాన్నీ పేరుతో పిలిచి, దాని మీద ఏముందో, ఏ పక్కనుందో, ఎంత మేర ఉందో చెప్పుకుపోతోంది. నేను లెక్కపెడుతున్నాను. తనకు మిగిలిన ఏడూ అయ్యాయి. ఆగి ఊపిరి తీసుకుంది. పక్కింటికి పోయిన ఏడింటినీ మొదలుపెట్టింది.

నల్లకండ్లదాని మీద తాబేలు అంది. ఆయన తలెత్తాడు.

"తోక దగ్గిర దానికి రెండు సుక్కలుండె," అన్నాడు నెమ్మదిగా.

"మూడు," అంది ఆమె నాతో.

ఆయన కళ్లు మూసుకున్నాడు. గాలిలో వేలితో ఏదో గీసి చూసుకున్నాడు. మూడే అన్నాడు. ఊరివాళ్లెవరో గట్టిగా నవ్వారు. అక్కడి నుంచి ఆమె గొర్రె పేరూ బొమ్మా చెబుతుంటే, ఆ బొమ్మ ఎట్లా ముగిసిందో ఆయన చెబుతున్నాడు. రోకలి అంటే, రోకలి కింద ఎగిరిపోయే పిట్ట ఉండాలే అన్నాడు. ఉండెనని ఆమె తలూపింది. రాగి కంకి అంటే, కంకి వంగింది ఎడమకే కదా అన్నాడు. ఆమె మళ్లీ తలూపింది. ఆయన మొహం ఎర్రబడింది. అంత గొప్ప చిత్రకారుడు తన తొలి బొమ్మల్ని ఒక గొర్రెల కాపరి నోట ఒక్కొక్కటే తిరిగి అందుకోవడం నేను ఇంత దగ్గరగా నిలబడి చూశాను. నా జన్మకు అది చాలు.

ఏడోది చిన్న గొర్రెపిల్ల అంది ఆమె. దాని మీద తన బొమ్మే ఉందంట, తల మీద గంప పెట్టుకుని, ఒక కాలికి చెప్పు లేకుండా. ఆ చెప్పు తెగినరోజే వేశాడంట.

ఆయన బండ మీదికి ఎక్కాడు. ఊరి వైపు తిరిగి, సంతలో అరిచినంత గట్టిగా, ఆ ఏడూ మా అక్కవే అన్నాడు. ఇంకోసారి కూడా అన్నాడు. పక్కింటివాళ్ల ముసలాయన ఒకడు తువ్వాలు తీసి భుజం మార్చుకున్నాడు.

నేను ఉండబట్టలేక అడిగేశాను, ఇవన్నీ ఆ పంచాయితీలోనే చెప్పొచ్చు కదమ్మా, మరకల్ని బట్టయినా తేలేది కదా అని.

"నన్నెవురడిగిరి?" అంది.

ఆయన బండ దిగొచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. వేసినవాణ్ణి నేను, నువ్వు చెప్పేదాకా నాకే ఒక్కటీ గుర్తు లేదే, నీకెట్లా ఉండాయక్కా ఇన్ని అని అడిగాడు. అప్పుడు ఆమె తల తిప్పి, నలభై ఏళ్లు దాటాక మొదటిసారి, తమ్ముడి మొహంలోకి చూసింది.

"నువ్వు రాసి ఆడుకోను పోయినావు. మేపింది నేను. పొద్దస్తమానం సూస్తా ఉండింది నేను."